పాతాళములో కవుల తక్కెడ

మాచర్లనుండి నాగార్జునసాగరము వైపు పోవు దారిలో అనుపు అను చోటు ఉన్నది. పేరు చిన్నదైనను అచ్చట నిలిచిన కట్టడములు చిన్నవి కావు. క్రీస్తుశకము మూడవ శతాబ్దమున ఇక్ష్వాకు రాజులు కృష్ణానది కుడిగట్టున విజయపురిని రాజధానిగా చేసికొని ఏలినారు. ఆ నగరమున నలువైపుల మెట్లవరుసలు, నడుమ దీర్ఘచతురస్రమైన ప్రాంగణము గల రంగస్థలము ఒకటి ఉండెడిది. సాగరజలము లోయను ముంచకముందు, 1954 మొదలు 1960 వరకు పురావస్తుశాఖవారు త్రవ్వకములు సాగించి, ముఖ్యమైన కట్టడములను ఎత్తైన చోట్లకు తరలించినారు. రంగస్థలము అనుపు చేరినది. ప్రాంగణము నడుమ నిలిచి పలికిన మాట పై మెట్టున కూర్చున్నవారికి విస్పష్టముగా వినవచ్చునని చూచివచ్చినవారు అందరును చెప్పుదురు. ధ్వనిని గూర్చి అంత శ్రద్ధ వహించిన శిల్పులకు రేడియోలో పనిచేయు మేము నమస్కరింపక తప్పదు.

అదే విజయపురిలో, రాజప్రాసాదము ఉండిన చోట దొరికిన శిల్పములలో ఒకటి మరింత వింతయైనది. అర్ధనగ్నుడై, పలుచని గడ్డముతో, చేత కొమ్ముపాత్ర ధరించి, ప్రక్కన మద్యభాండముతో నిలిచిన పురుషుడు అందు కనిపించును. పండితులు ఇతనిని గ్రీకుల దేవుడు డయోనిసస్ అని గుర్తించినారు. ద్రాక్షాసవమునకును, నాటకమునకును ఈయనయే అధిదేవత. రోమను వర్తకులతోడి రాకపోకలవలన విజయపురిలో రోమను బంగారు నాణెములు దొరకినట్లే, ఈ దేవుని రూపమును ఏదో ఒక ఓడ వెంట వచ్చి ఉండవచ్చును. ఇంతమాత్రమున పల్నాటిలో గ్రీకు నాటకములు ఆడినారని మేము చెప్పబోము. నాటకదేవత ఒకప్పుడు మాచర్ల దాపునకు వచ్చి రాతిలో నిలిచినాడని మాత్రము చెప్పవచ్చును. ఆ దేవుడే కథానాయకుడైన ఒక హాస్యనాటకమును గూర్చియు, మన కాలమున అది సంగీతనాటకముగా మారిన తీరును గూర్చియు ఈనాడు ముచ్చటింతము.

ఆ నాటకము పేరు కప్పలు. వ్రాసినవాడు అరిస్టోఫనీస్. క్రీ.పూ. 405లో ఏథెన్సు నగరమున లెనాయా అను ఉత్సవ సమయమున దానిని ప్రదర్శించి ఆయన ప్రథమ బహుమతి పొందినాడు. అప్పటి నగరస్థితిని మనము జ్ఞాపకము ఉంచుకొనవలెను. క్రీ.పూ. 431లో స్పార్టాతో మొదలైన యుద్ధము ఇంకను తీరలేదు. అంతకు ముందు ఏటనే ఆర్గినుసే ద్వీపముల దగ్గర నౌకాయుద్ధములో ఏథెన్సు గెలిచినది. కాని మునిగిపోవుచున్న నావికులను తుఫానులో రక్షింపలేదని కోపించి, గెలిచి వచ్చిన సేనానాయకులకే ప్రజలు మరణశిక్ష విధించినారు. అదే కాలమున యూరిపిడీస్ మరణించినాడు. కొలది నెలలకు సోఫోక్లీసు కూడ వెళ్ళిపోయినాడు. ధనము లేదు, నాయకులు లేరు, కవులును లేరు. అట్టి నగరములో ప్రజలను నవ్వింపవలసిన భారము హాస్యకవిపై పడినది.

ఆయన పన్నిన కథ ఇది. నాటకదేవత డయోనిసస్ తన ఉత్సవములకు మంచి కవి ఒక్కడును మిగలలేదని విచారించి, పాతాళమునకు పోయి యూరిపిడీసును వెనుకకు తెచ్చుకొనవలెనని నిశ్చయించును. పూర్వము పాతాళమునకు పోయి వచ్చిన వీరుడు హెరాక్లీసు కదా! అందుచేత అతనివలె సింహచర్మము కప్పుకొని, గద పట్టుకొని బయలుదేరును. లోపల మాత్రము కుంకుమపువ్వు వన్నె వస్త్రము, మెత్తని పాదరక్షలు. వెంట జాంథియాసు అను దాసుడు. దాసుడు గాడిదపై ఎక్కి, సామానుల మూటను తన భుజముపైనే మోయుచుండును. బరువు గాడిదది కాక తనదేనని వాదించును. త్రోవలో సరస్సు అడ్డము వచ్చును. పడవవాడు దేవునిని ఎక్కించుకొని, కూలికి తోడు తెడ్డు కూడ చేతికిచ్చును. ఎన్నడును తెడ్డు పట్టని సుకుమార దేవునికి చేతులు బొబ్బలెక్కుచుండగా సరస్సులోని కప్పలు బెకబెకలతో పాట అందుకొనును. దేవుడు విసిగి తానును అదే కూత కూసి కప్పలను ఓడించును. నాటకమునకు పేరు తెచ్చినది ఈ చిన్న ఘట్టమే. పాతాళద్వారమున కావలివాడు గర్జించగానే దేవుడు భయపడి తన వేషము దాసునికి తొడుగును. లోపలనుండి విందుకు పిలుపు రాగానే మరల తీసికొనును. తుదకు ఇద్దరిలో దేవుడెవరో తేల్చుటకు ఇద్దరిని కొరడాతో కొట్టి చూతురు.

ఇచ్చట ఒక చిన్న విశేషము. ఆ కప్పలు రంగముపై కనిపించినవా, లేక తెరవెనుకనుండి వినిపించినవా అని పండితులలో నేటికిని వాదమున్నది. కనిపింపకయే ఉండినచో, రెండువేల నాలుగువందల ఏండ్లకు పూర్వమే ఒక కవి కేవలము ధ్వనితో సరస్సును, చీకటిని, పడవను సృష్టించినాడన్నమాట. రేడియో నాటకము వినుటకు అలవాటుపడిన శ్రోతలకు ఈ సంగతి వింతగా తోచదు. చెవికి కప్పల కూత వినిపించినచో కంటికి చెరువు దానంతట అదియే కనిపించును.

పాతాళములో కథ మలుపు తిరుగును. అచ్చట కవిసింహాసనము ఒకటి ఉన్నది. దానిపై ఏనాటినుండియో ఈస్కిలస్ కూర్చున్నాడు. క్రొత్తగా వచ్చిన యూరిపిడీసు ఆ పీఠము తనదని తగవు పెట్టును. డయోనిసస్ న్యాయాధిపతి అగును. ఈస్కిలసుది గంభీరమైన సమాసభూయిష్ఠ శైలి. మారథాను వీరుల కాలపు ధర్మము. యూరిపిడీసుది తేటమాట, సామాన్యుని ఇల్లు, సంసారము, సందేహము. ఒకరి ప్రస్తావనలను మరొకరు ఎగతాళి చేయుదురు. ఒకరి పాటలను మరొకరు వెక్కిరించుచు పాడుదురు. చివరకు తక్కెడ తెచ్చి, సంతలో సరకు తూచినట్లు ఇద్దరి పంక్తులను తూతురు. ప్రతిసారియు ఈస్కిలసు పళ్ళెమే క్రిందికి దిగును. అయినను దేవునికి తృప్తి కలుగదు. అప్పుడు ఆయన సాహిత్యమును ప్రక్కకు పెట్టి ఒకే ప్రశ్న అడుగును: నగరమును రక్షించు ఉపాయము మీలో ఎవరు చెప్పగలరు? దేవుడు ఎవరికొరకు వచ్చినాడో అతనిని కాక, ఈస్కిలసును వెంటబెట్టుకొని పోవుటతో నాటకము ముగియును. ముచ్చటపడి వచ్చినది ఒక కవి కొరకు. అవసరమని తోచి తీసికొని పోయినది మరొక కవిని. నాటకమునకు ప్రాణము ఈ భేదములో ఉన్నది.

గ్రీకు హాస్యనాటకమున నడుమ ఒక చోట కథ ఆగిపోవును. గాయకబృందము ముందుకు వచ్చి ప్రేక్షకులతో నేరుగా మాటాడును. ఈ నాటకమున ఆ బృందము పాడి, నవ్వించి, అటుపిమ్మట నగరమునకు హితవు చెప్పినది. క్రీ.పూ. 411 నాటి రాజకీయ కలహములో తప్పుదారి పట్టి పౌరహక్కులు కోల్పోయినవారిని క్షమించి మరల కలుపుకొనుడు, ఓడ మునుగుచున్న సమయమున తోడి నావికునిపై పగ తగదు అని ఆ హితవు సారాంశము. ఆ మాటలు నచ్చి నగరము కవిని పవిత్రమైన ఆలివు కొమ్మతో సత్కరించి, నాటకమును మరల ఆడించినదని ప్రాచీనుల కథనము. క్షమాపణ శాసనమును ఆ ఏడాదియే వచ్చినది. కాని అప్పటికి నౌకాబలము నశించినది. క్రీ.పూ. 404లో ఏథెన్సు శత్రువునకు లొంగిపోయినది. హితవు మంచిదే, చెవికెక్కుట ఆలస్యమైనది.

సంగీతనాటకము అనగానే నవీనమైన పాశ్చాత్య వినోదమని మనలో కొందరికి అభిప్రాయము. కాని గ్రీకు హాస్యనాటకము పుట్టుకతోనే సంగీతనాటకము. ఇరువదినలుగురు గాయకులు వేషములు ధరించి ఆడుచు పాడెడివారు. ప్రక్కన వేణువువంటి జంటవాద్యము మ్రోగెడిది. మనకు మిగిలినది మాటలు మాత్రమే. అరిస్టోఫనీసు పాటల బాణీలు కాలగర్భములో కలిసిపోయినవి. కనుక నేడు ఆ నాటకము ఆడదలచినవారికి రెండే దారులు: పాటలను వచనముగా చదివి సగము నాటకమును వదలుకొనుట, లేక ఎవరో ఒకరు క్రొత్త బాణీ కట్టుట. తెలుగు శ్రోతలకు ఈ సంగతి వివరింప నక్కరలేదు. హార్మోనియము శ్రుతి లేనిదే పద్యనాటకము నిలువదని మనకు తెలియును. పద్యము చివర రాగము సాగినంతసేపు కథ ఆగినను, ప్రేక్షకులు వన్స్ మోర్ అని కేకవేసి మరికొంతసేపు ఆపినను, మనకు అభ్యంతరము లేదు. తోలుబొమ్మలాటలో కేతిగాడు ప్రవేశించి, రామాయణ కథ నడుమ ఊరి పెద్దలను నాలుగు మాటలని పోవుటయు మనకు క్రొత్త కాదు. ఏథెన్సు గాయకబృందము చేసినది ఇంచుమించు అట్టి పనియే.

గ్రీకు హాస్యనాటకముతో తెలుగు రంగస్థలమునకు ఉన్న చుట్టరికము ఈ పోలికతోనే తీరదు. 1880 ప్రాంతమున ధారవాడ నాటక సమాజమువారు రాజమహేంద్రవరమున హిందీ నాటకములు ఆడి వెళ్ళిన పిమ్మట, కందుకూరి వీరేశలింగము పంతులుగారు తమ శిష్యులచేత తెలుగు నాటకములు ఆడించినారు. వానిలో చమత్కార రత్నావళి యొకటి. అది షేక్స్పియరు వ్రాసిన కామెడీ ఆఫ్ ఎర్రర్సుకు తెలుగు రూపము. షేక్స్పియరు ఆ కవలల కథను రోమను కవి ప్లాటసు నాటకమునుండి గ్రహించినాడు. ప్లాటసో, గ్రీకు హాస్యనాటకములను తన ప్రేక్షకులకు తగినట్లు మార్చి వ్రాసిన కవి. ఏథెన్సు నుండి రోముకు, రోమునుండి లండనుకు, లండనునుండి గోదావరి తీరమునకు ఒకే నవ్వు ప్రయాణము చేసినది. అదే కవలల కథ 1938లో న్యూయార్కు నగరమున రోడ్జర్సు, హార్టు అనువారి పాటలతో ది బాయ్స్ ఫ్రమ్ సిరక్యూస్ అను సంగీతనాటకముగా వెలువడినది. పంతులుగారి శిష్యులు అంతకు దాదాపు అరువది ఏండ్లకు ముందే ఆ కథను రంగమెక్కించినారని తలచుకొన్నచో మనకు కొంత గర్వము కలుగక మానదు.

ఇక కప్పల సంగతి. అమెరికాలో బర్ట్ షెవెలవ్ అను నాటకకర్తకు ఈ నాటకముపై మక్కువ. ఆయన 1941లో యేల్ విశ్వవిద్యాలయమున ఈతకొలనులో దీనిని ప్రదర్శించినాడు. కథలో సరస్సు ఉన్నది కదా, నిజముగా నీరే ఉండనిమ్మని ఆయన ఊహ. 1962లో ఆయన లారీ గెల్బార్టుతో కలిసి ప్లాటసు కథలను అల్లి వ్రాసిన హాస్యనాటకమునకు స్టీఫెన్ సోండ్‌హైమ్ పాటలు కట్టినాడు. అది మిక్కిలి ప్రఖ్యాతి పొందినది. 1974లో యేల్ రెపర్టరీ సంస్థవారు కప్పలను మరల తలపెట్టినప్పుడు షెవెలవ్ రచనకు సోండ్‌హైమ్ సంగీతము తోడైనది. వేదిక మరల ఆ ఈతకొలనే. విశ్వవిద్యాలయపు ఈతగాండ్రు కప్పలైనారు. విద్యార్థుల బృందములో తరువాత జగత్ప్రసిద్ధి పొందిన మెరిల్ స్ట్రీప్, సిగోర్నీ వీవర్ కూడ ఉండినారు. కొలను గోడల ప్రతిధ్వనివలన మాట స్పష్టముగా వినిపించుట కష్టమైనదట. అనుపు రంగస్థలమును కట్టినవారు ఉండినచో ఏమనెడివారో! ఈ నాటకము ఆరంభమున దేవునికి ప్రార్థన, వెంటనే ప్రేక్షకులకు హెచ్చరికలు కలిసిన పాట ఒకటి ఉన్నది. దగ్గకుడు, మాటాడకుడు అను వరుసలో సాగు ఆ పాటకు మూలము 1962 నాటి నాటకమునకై వ్రాసి ప్రక్కన పెట్టిన ప్రార్థనాగీతము. మన నాటకములలో నాందియు, ఆ వెనుక సూత్రధారుని పరాచికములును ఎట్లో, ఇదియు అట్లే.

షెవెలవ్ చేసిన పెద్ద మార్పు వేరొకటి. పాతాళములో పోటీపడు కవులు ఈస్కిలసు, యూరిపిడీసులు కారు. షేక్స్పియరు, బెర్నార్డ్ షా. డయోనిసస్ షాను తెచ్చుకొనుటకు పోవును. షాది బుద్ధి, తర్కము, వాడియైన మాట. షేక్స్పియరుది హృదయము. మృత్యువును గూర్చి ప్రశ్నించినప్పుడు షేక్స్పియరు సింబెలైన్ నాటకములోని శోకగీతమును పాడును. ఆ మాటలకు సోండ్‌హైమ్ కట్టిన బాణీయే ఈ సంగీతనాటకమునకు మకుటము. దేవుని మనసు మారును. ఇచ్చటను ఒక కవికై పోయి మరొక కవితో తిరిగివచ్చుటయే జరిగినది. పేర్లు మారినవి; కథాధర్మము చెడలేదు.

2001 సెప్టెంబరు 11 నాటి దారుణము తరువాత నటుడు నేథన్ లేన్ ఈ నాటకమును మరల చేతబట్టి విస్తరించినాడు. 2004 జూలైలో న్యూయార్కులోని లింకన్ సెంటరున సూసన్ స్ట్రోమన్ దర్శకత్వమున అది రంగమెక్కినది. సోండ్‌హైమ్ క్రొత్త పాటలు చేర్చినాడు. లేన్ తానే డయోనిససు వేషము కట్టినాడు. అమెరికా అప్పుడు ఇరాకు యుద్ధములో మునిగి ఉన్నది. కప్పలు ఇందు కేవలము కప్పలు కావు. ఏ మార్పును సహింపక, ఉన్నచోటనే ఉండుడు, బురదయే సుఖమని పాడు మనుష్యులకు అవి సంకేతములు. దేవుడు అన్నింటికన్న ఎక్కువగా భయపడునది ఆ కప్పలకే. నాటకము 92 ప్రదర్శనలతో అక్టోబరులో ఆగిపోయినది. విమర్శకులలో కొందరు మెచ్చినారు. నాటి రాజకీయములను సూచించు మాటలు మరీ బాహాటముగా ఉన్నవని కొందరు సణిగినారు. అయినను 2017లో లండనులోని జెర్మిన్ స్ట్రీట్ థియేటరువారు దానిని చిన్న వేదికపై మరల ఆడినారు. నగరము కష్టములో ఉన్నప్పుడెల్ల ఈ కప్పలు ఎచ్చటనో ఒకచోట నీటిపైకి తల ఎత్తుచునే ఉన్నవి.

ప్రాచీన గ్రంథమును ఇట్లు మార్చుట ధర్మమా అని అడుగువారు ఉందురు. ప్రశ్న న్యాయమైనదే. ఈస్కిలసును తొలగించి షేక్స్పియరును కూర్చుండబెట్టినప్పుడు ఏథెన్సు నగరపు పరిమళము కొంత పోయినది. మారథాను వీరుల స్మృతి పోయినది. ఇద్దరు విషాదకవుల నడుమ ఉండిన తరముల అంతరము మరొక రూపము దాల్చినది. కాని ఈ నాటకములోని హాస్యము ఒక నియమముపై ఆధారపడినది. తక్కెడలో వేసిన పంక్తి ప్రేక్షకునికి ముందే కంఠస్థమై ఉండవలెను. తెలియని పద్యమును ఎంత తూచినను నవ్వు రాదు. ఏథెన్సు ప్రజలకు ఈస్కిలసు పంక్తులు నోట ఉండినవి. న్యూయార్కు ప్రజలకు ఉండినవి షేక్స్పియరు మాటలు. అక్షరమును కాపాడినచో నవ్వు చచ్చును; నవ్వును కాపాడవలెనన్నచో అక్షరమును మార్చవలెను. పంతులుగారు చమత్కార రత్నావళిలో చేసినదియు ఇదియే. మార్చకూడనిది ఒక్కటి మాత్రము ఉన్నది: దేవుడు చివర అడిగిన ప్రశ్న.

ఈ ప్రశ్న మాచర్ల, గురజాల, కారెంపూడి గ్రామములలో అడిగినచో ఎట్లుండునో ఆలోచింతము. పండ్రెండవ శతాబ్దమున ఒకే వంశమువారు గురజాలలో నలగామరాజు, మాచర్లలో మలిదేవరాజు అను రెండు పక్షములుగా చీలినారు. కోడిపందెము, వలస, రాయబారిగా వచ్చిన అలరాజు మరణము, తుదకు కారెంపూడి రణరంగము. మాచర్ల చెన్నకేశవస్వామి ఆలయము, చాపకూటి సంప్రదాయము బ్రహ్మనాయుని పేరుతో ముడిపడి నేటికిని నిలిచి ఉన్నవి. ప్రతి సంవత్సరము కార్తిక అమావాస్య నుండి ఐదుదినములు కారెంపూడిలో వీరుల తిరునాళ్ళు జరుగును. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని దినమునకొక ఘట్టము. వీరవిద్యావంతులు కథ పాడుదురు. ఆయుధములకు పూజ జరుగును. ఊరంతయు ప్రేక్షకులే, ఊరంతయు పాత్రధారులే. ఏథెన్సులో దేవుని ఉత్సవమునకు నాటకము అంగమైనట్లు, ఇచ్చట వీరపూజకు గానము అంగమైనది. అరిస్టోఫనీసే లిసిస్ట్రాటా అను నాటకమున స్త్రీలు ఏకమై భర్తలను దూరముంచి యుద్ధము మాన్పించినట్లు వ్రాసినాడు. మన గాథలో మాంచాల బాలచంద్రునికి వీరతిలకము దిద్ది రణమునకు పంపినది. ఒకరు పంపి పూజ్యురాలైనది, మరొకరు ఆపి నవ్వించినది. రెండు కథలను ప్రక్కప్రక్కన ఉంచి చూచినప్పుడు, మాంచాల త్యాగము తక్కువ కాదు. కాని ఆపగలవారు ఆ ఊళ్ళలో ఎవరును లేకపోయిరి గదా అని మనసు కలుక్కుమనును.

కప్పలను తెలుగు పద్యనాటకముగా ఎవరైన మలచదలచినచో, పల్నాటి ప్రేక్షకుల యెదుట తూచవలసిన కవులు ఎవరు? మాకు తోచిన జోడి ఇది. ఒక పళ్ళెమున శ్రీనాథుడు. పల్నాటి వీరచరిత్ర ద్విపద ఆయన పేర ప్రసిద్ధము. ఆ ద్విపదను అక్కిరాజు ఉమాకాంతముగారు 1911లో ప్రకటించి లోకమునకు అందించినారు. రెండవ పళ్ళెమున ఉన్నవ లక్ష్మీనారాయణగారు. మాలపల్లి నవలాకర్తయైన ఆయన 1926లో పల్నాటి కథను నాయకురాలు అను నాటకముగా వ్రాసినారు. ఒకరు వీరుని పాడినవారు. మరొకరు పంక్తిలో చోటు లేనివానిని గూర్చి జీవితమంతయు ఆలోచించినవారు. హాస్యమునకు కొదువ ఉండదు. పల్నాటిలో జొన్నకూడు తప్ప మరేమియు లేదని, నీరు దొరకదని ఆక్షేపించిన చాటువులు శ్రీనాథుని పేర ప్రచారములో ఉన్నవి. 1967లో కాలువలకు నీరు వదలిన సాగరమును, వరిమళ్ళను చూపించి, పాతాళమునుండి తెచ్చిన కవిసార్వభౌమునిచేత ఆ చాటువులను వెనుకకు తీసికొనిపించు ఘట్టము ఒక్కటి చాలును, పందిరి ఎగిరిపోవును. సన్న అన్నము వడ్డించిన విస్తరి ముందు ఆయన మొగము ఎట్లుండునో మంచి నటునికి చెప్పవలసిన పని లేదు.

నవ్వు తీరిన తరువాత ప్రశ్న వచ్చును. ఊరిని రక్షించు ఉపాయము ఏది? వీరగానము మన ప్రాంతమునకు పౌరుషము నిచ్చినది. 1922లో పుల్లరి కట్టమని ఎదిరించి తుపాకి గుండ్లకు గుండె యొడ్డిన కన్నెగంటి హనుమంతు పుట్టినది ఈ గడ్డమీదనే. ఆ పౌరుషమే ఇంటి దాయాదులపైకి తిరిగినప్పుడు ఏమగునో కారెంపూడి నాగులేటి యొడ్డు చెప్పగలదు. ఊరు రెండు పక్షములై, ఒక పక్షమువాని పెండ్లికి మరొక పక్షమువాడు పోక, పిల్లలు సైతము పగను ఆస్తివలె పంచుకొను పల్లెలు నేటికిని లేకపోలేదు. అట్టిచోట శ్రీనాథుని పళ్ళెము బరువైనదా, ఉన్నవవారి పళ్ళెము బరువైనదా అని తూచుట కేవలము సాహిత్యవినోదము కాదు. వీరుల పాట పాడుచునే, చాపకూటిలో అందరు ఒకే చాపపై కూర్చున్న దినమును గూడ అంతే గొంతుతో పాడగల కవి మనకు కావలెను. బహుశః ఇద్దరిని తీసికొని రావలసి యుండును. పడవవాడు ఒప్పుకొనిన యెడల.

పాతాళమునుండి కవిని తేవలెనని డయోనిసస్ పడిన శ్రమను తలచినప్పుడు మన పని సులువైనదని మాకు తోచుచున్నది. కవులు గ్రంథములలో ఉన్నారు, వీరవిద్యావంతుల కంఠములలో ఉన్నారు. పడవ కూలి అక్కరలేదు, సింహచర్మము అక్కరలేదు. హార్మోనియము వాయించువారు, రాగము ఎరిగిన నటులు, తక్కెడ యొకటి ఉన్న చాలును. అనుపు మెట్లపై ఒక వెన్నెలరాత్రి గురజాలవారును, మాచర్లవారును, కారెంపూడివారును కలిసి కూర్చుండి ఇట్టి నాటకము చూచి నవ్వగలిగినచో, రాతిలో నిలిచిన ఆ కొమ్ముపాత్ర దేవుడు తన ప్రయాణము వృథా కాలేదని సంతోషించును. ఏథెన్సు ప్రజలు హితవు విని కవిని మెచ్చినారు. ఆచరించుట ఆలస్యము చేసినారు. ఆ ఒక్క విషయమున మాత్రము మనము వారిని అనుసరింపకుండుట మంచిది.